గోళీకన్ను మాట్లాడిన వారం

విలన్ వేషానికి వచ్చినవాళ్ళంతా ముందు నవ్వుతారు. ఇది ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు. తలుపు తోసుకుని లోపలికి వస్తారు, నేల మీద అంటించిన పసుపు టేపు గుర్తు దగ్గర నిలబడతారు, కెమెరాకి పేరు చెప్పి, కుడివైపు ఒకసారి ఎడమవైపు ఒకసారి మొహం తిప్పి చూపిస్తారు. 'ఇక మొదలుపెట్టండి' అనడమే ఆలస్యం, కడుపులోంచి ఒక నవ్వు తీస్తారు. ఒకాయనైతే నవ్వీ నవ్వీ పొలమారి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నించి నవ్వాడు. చెడ్డవాళ్ళకి లోకంలో అంత నవ్వొచ్చే సంగతులు ఏముంటాయో మరి!

కెమెరా పక్కన ఎత్తు పీట మీద కూర్చున్న ఆవిడకి మాత్రం నవ్వు రావడం లేదు. పాత్రలకి నటుల్ని వెతికిపెట్టడం ఆవిడ పని. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మేడమ్ అంటారు, వెనక్కి తిరిగితే ఎంపికమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, బాగానే ఉందిలే అనుకుంటుంది. తల నెరిసింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అయినా ఒక పని మాత్రం ఎవరికీ వదిలిపెట్టదు. నటుడి ఎదుటి పాత్ర మాటలు తనే చదువుతుంది. వేరేచోట్ల ఆ పని ఖాళీగా ఉన్నవాళ్ళెవరికో అప్పగిస్తారు, వాళ్ళు బస్సు బోర్డు చదివినట్టు చదివేస్తారు. మాట ఇస్తేనే మాట వస్తుందని ఎంపికమ్మ నమ్మకం.

సినిమా పిల్లల బొమ్మల కథది. ఒకప్పుడు ఒక వారపత్రిక చివరి రెండు పేజీల్లో రంగుల్లో వచ్చిన కథ. అందులో మంచివాడు పిడుగు, ఆకాశంలోంచి దిగుతాడు, అన్యాయం చేసినవాణ్ణి చితక్కొడతాడు. చెడ్డవాడు గోళీకన్ను. వాడికి ఒక కన్ను స్థానంలో ఆకుపచ్చ గాజుగోళీ ఉంటుంది, అందులోకి చూసినవాడు తన పేరు తను మరిచిపోతాడు. పిడుగు వేషానికి కండలవీరుడు ముందే ఖాయమైపోయాడు, పోస్టరు కూడా వేసేశారు. గోళీకన్ను దగ్గరే బండి ఆగిపోయింది.

వచ్చినవాళ్ళందరికీ ఇచ్చేది ఒకే సన్నివేశం. పిడుగు గోళీకన్ను చొక్కా పట్టుకుని పిడికిలి ఎత్తుతాడు. అప్పుడు గోళీకన్ను అంటాడు: "నన్ను ఓడించాక నువ్వు ఇంటికెళ్ళి అన్నం తింటావు. ఓడిపోయాక నేనెక్కడికెళ్ళాలి? అది కూడా కాస్త ఆలోచించి కొట్టు." దానికి పిడుగు "శ్మశానానికి!" అని ఒక్కటిస్తాడు. ఆ జవాబు దర్శకుడు రాసుకున్నది. ఈల పడుతుందని ఆయన ధీమా. గోళీకన్ను మాట మాత్రం ఎంపికమ్మ చెప్పింది. చిన్నప్పటి కథలో అలాగే ఉంది, నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది అని చెబితే, దర్శకుడు ఎగిరి గంతేసి రాసుకున్నాడు.

ఆ మాటని కొందరు పళ్ళు నూరుతూ అన్నారు. కొందరు భోరుమని ఏడుస్తూ అన్నారు. ఎప్పుడూ అరటి తొక్క మీద కాలేసి జారిపడే పాత్రలే వేసే ఒక లావుపాటి హాస్యనటుడు వచ్చి, కొత్త ఊళ్ళో దారి అడిగినట్టు మామూలుగా అడిగాడు. ఎంపికమ్మ నిటారుగా కూర్చుంది. కానీ తను "శ్మశానానికి!" అని చదవగానే అతని మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. ఏదో తక్కువైంది. వద్దులే అని పంపేసింది.

"మేడమ్, అసలు మీకేం కావాలి?" అన్నాడు దర్శకుడు ఆ సాయంత్రం. మంచి కుర్రాడే, కాకపోతే నిర్మాత దగ్గర తిన్న చివాట్లన్నీ ఇక్కడికి తెచ్చి దింపుతాడు. "శుక్రవారంలోగా తేలకపోతే ఫైటర్ ఒకణ్ణి మాస్కు పెట్టి నిలబెట్టేయమంటున్నారు. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుందట."

"మాస్కా? వాడికి మాస్కేంటి బాబూ! వాడి గొంతు వినాలి."

"ఎలా ఉంటుంది ఆ గొంతు? మీరే చెప్పండి."

ఎలా ఉంటుందో ఆవిడకి చెప్పడం రాదు. వింటే మాత్రం ఇదేనని చెప్పగలదు. దాన్ని ఆవిడ చిన్నప్పుడు మేడ మెట్ల మీద కూర్చుని వింది. పత్రిక ఇంటికొచ్చిన రోజు అన్నయ్య కింద మెట్టు మీదా, తను పై మెట్టు మీదా. అన్నయ్య భుజం మీదుగా చూస్తే బొమ్మలు కనపడేవి. రంగులు గీత దాటి పొర్లి ఉండేవి, పిడుగు పెదవుల ఎరుపు చెంప దాకా పాకి ఉండేది. కొత్త కాగితానికి కిరసనాయిలు వాసన. తనకింకా చదవడం రాదు, అన్నయ్య బొమ్మల మీద వేలు ఆనించి చదివేవాడు. పిడుగుది గబగబా సన్న గొంతు. గోళీకన్నుది నెమ్మది గొంతు, రోజంతా నడిచొచ్చి అరుగు మీద కూలబడ్డవాడిలా. ఎంత హాయిగా ఉండేదని! లోకంలో ఇంత చెడ్డవాడు ఇంత నెమ్మదిగా మాట్లాడతాడా అని చెవులు అప్పగించి వినేది. తను కూడబలుక్కుని చదవడం నేర్చేసరికి పత్రిక మూతపడింది. ఇల్లు మారినప్పుడు అమ్మ పాత సంచికలన్నీ చిత్తుకాగితాల వాడికి వేసేసింది.

మర్నాడు పొద్దున బొమ్మల తాత వచ్చాడు. ఆ కథ రాసిందీ, గీసిందీ ఆయనే. ఇన్నాళ్ళూ ఒంట్లో బాగోక రాలేదు, ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇంట్లో దొరికిన కొన్ని సంచికలు పంపించి ఊరుకున్నాడు. ఆ కాసిని సంచికల్లో గోళీకన్ను ఎక్కడా నోరు విప్పడు. ఆ వారాల్లో వాడికి చెప్పడానికి ఏమీ లేదు కాబోలు అనుకున్నారు అందరూ.

తాత చేతికర్ర గోడకి ఆనించి, కుర్చీలో సర్దుకుని, లోపల జరుగుతున్న పరీక్ష చూశాడు. ఒక నటుడొచ్చి నవ్వాడు. తర్వాత ఆ మాట అన్నాడు. ఎంపికమ్మ జవాబు చదివింది. నటుడు వెళ్ళిపోయాక తాత నుదురు చిట్లించి అడిగాడు.

"ఇతను వేసింది ఎవరి పాత్ర?"

"గోళీకన్నుదేనండీ."

"గోళీకన్ను మాట్లాడడమ్మా."

దర్శకుడు నవ్వాడు, తాత నవ్వలేదు. "వాడి మొహం పెద్దది. మాటల బుడగ పెడితే కన్ను దాని కింద పడిపోతుంది. కన్ను కనపడకపోతే వాడెందుకు? అందుకని వాడికి మాటల్లేకుండానే గీశాను. ఎడిటరు కూడా గొణిగేవాడు, ఇదేం విలనయ్యా, నోట్లో నాలుక లేదా అని. మొదటి వారం నుంచి చివరి వారం దాకా వాడు ఒక్క ముక్క కూడా అనలేదు."

"లేదండీ," అంది ఎంపికమ్మ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మాట్లాడతాడు. నేను విన్నాను."

"విన్నావా, చదివావా తల్లీ?"

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టయింది తన పని. ఇన్ని రోజులుగా ఇంతమందిని పిలిపించి, నీ గొంతు బాలేదు, నీ గొంతు బాలేదు అని పంపించింది. ఎవరి గొంతుతో పోల్చి? నోరే లేనివాడి గొంతుతో! పరువు మాట అటుంచి, లోపల ఏదో కూలినట్టు ఉంది. చిన్నతనంలో తనకి మిగిలిన కాస్త వెలుగూ ఆ మెట్ల మీదే ఉంది. అది అబద్ధమంటే ఎలా?

"ఆ మాట బాగుంది," అన్నాడు తాత నెమ్మదిగా. "కానీ నాది కాదు. ఇంకో కథలోంచి వచ్చిందేమో, రేపు ఎవరో వచ్చి మాది అంటే నేనేం చెప్పను? పాత్ర స్వభావం మారిస్తే నా సంతకం కావాలని రాసుకున్నాం. ఎవరిదో చెప్పండి, పెడతాను. చెప్పలేకపోతే వాణ్ణి నేను గీసినట్టే ఉండనివ్వండి, మాటల్లేకుండా."

మాటల్లేకపోతే మాస్కే. నిర్మాత నెత్తిన పాలు పోసినట్టే. దర్శకుడు ఎంపికమ్మ వైపు చూశాడు. రేపే శుక్రవారం.

అన్నయ్య డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. స్కూలంటే పెద్ద పేరే గానీ, ఉన్నది ఒక పాత కారు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద ఒక బ్రేకు, పక్క సీట్లో ఆయన కాలి కింద ఇంకో బ్రేకు. సిమెంటు గోదాముల వెనక ఖాళీ స్థలంలో రాళ్ళు పేర్చి మలుపులు నేర్పుతాడు. ఎంపికమ్మ వెళ్ళేసరికి ఆ రోజుకి ఆఖరి శిష్యురాలు ఒక రాయిని గుద్ది, సారీ చెప్పి దిగుతోంది.

"ఏమే బుడంకాయ, దారి తప్పొచ్చావా?" అన్నాడు అన్నయ్య. యాభై దాటిన మనిషిని బుడంకాయ అనేవాడు లోకంలో ఆయనొక్కడే. ఫోన్లో ఎప్పుడూ 'బాగున్నావా, బాగున్నాను, మందులు వేసుకుంటున్నావా' దగ్గరే ఆగిపోతారు ఇద్దరూ. "కూర్చో. అటు కాదు, స్టీరింగు ముందు కూర్చో. ఎప్పటికైనా నీకు నేర్పాలని ఉంది."

"నాకిప్పుడు డ్రైవింగ్ ఏంటన్నయ్యా, ప్రాణం మీదికొస్తే!"

"నా కాలి కింద బ్రేకుందిగా, నీకెందుకు భయం."

కూర్చుంది. స్టీరింగు పట్టుకుంది. బండి మాత్రం కదపలేదు.

"అన్నయ్యా, గోళీకన్ను గుర్తున్నాడా?"

"వాణ్ణెలా మర్చిపోతాను? వాడి ధర్మమా అని నువ్వు బాత్రూంకి కూడా ఒక్కదానివీ వెళ్ళేదానివి కాదు."

"అదేంటి, నాకు వాడంటే ఇష్టం కదా!"

"ఇష్టం తర్వాతొచ్చింది. ముందు హడలు. వాడి బొమ్మ రాగానే నా వీపుకి మొహం దాచుకునేదానివి. నోరు మెదపనివాళ్ళంటే నీకు భయం. నాన్న కోపమొచ్చి మాట్లాడ్డం మానేస్తే మంచం కింద దూరేదానివి, గుర్తులేదూ? అందుకని వాడికి నేనే నోరిచ్చాను. వానొస్తోంది గొడుగు లేదు అనీ, కాళ్ళు పీకుతున్నాయనీ, నోటికొచ్చిందల్లా అనిపించాను. రెండు వారాలకి వాడు నీకు చుట్టమైపోయాడు."

ఎంపికమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయితే అది అబద్ధం కాదు. ఆ గొంతు ఉంది, ఈ పక్క సీట్లోనే ఉంది, కాస్త బొంగురుపోయిందంతే. ఆవిడ సన్నివేశం సంగతి చెప్పింది, తాత అడిగిన సంగతి చెప్పింది, ఆ మాట పైకి చెప్పింది. ఓడిపోయాక నేనెక్కడికెళ్ళాలి?

అన్నయ్య జేబులోంచి రుమాలు తీసి ముందు అద్దం లోపలివైపు తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"అది నిన్ను నవ్వించడానికి అన్నది కాదే," అన్నాడు చివరికి. "ఆ రోజు నా పరీక్ష ఫలితాలొచ్చాయి. తప్పాను. ఈసారి కూడా తప్పితే ఇంటికి రాకు అని నాన్న ముందే అన్నాడు. కోపంలో అన్నాడు, ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు తెలియదుగా. తిన్నగా బస్టాండుకి వెళ్ళిపోయాను. ఏదో ఒక బస్సెక్కేద్దామని."

"అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలియదు. అక్కడ కొట్లో తాడుకి పత్రిక వేలాడుతోంది, కొత్త వారంది. ఈ వారం బుడంకాయకి ఎవరు చదువుతారు అనిపించింది. సరే, ఇదొక్కటీ చదివి పెట్టి, నాన్న వచ్చేలోపు వెళ్ళిపోదామని కొనుక్కుని ఇంటికొచ్చాను, రెండు జతల బట్టలు సంచీలో పెట్టుకున్నాను. నువ్వు అన్నం తింటున్నావు. పక్కన కూర్చుని తెరిచాను. ఆ వారం బొమ్మలో పిడుగు వాడి చొక్కా పట్టుకుని పిడికిలెత్తాడు. వాడు ఊరికే చూస్తున్నాడు. నా నోట్లోంచి ఆ మాటొచ్చేసింది. నిన్ను అడిగానో, నన్ను నేనే అడిగానో."

బయట గోదాము ముందు ఎవరో రేకు తలుపు దించుతున్నారు.

"నువ్వు దానికేమన్నావో గుర్తుందా?" అన్నాడు అన్నయ్య.

"నేనేమన్నా అన్నానా? నాకు నీ మాటొక్కటే గుర్తుంది."

"బాగుంది. నాకు నీ మాటొక్కటే గుర్తుంది. నా మాట ఇప్పుడు నువ్వు చెబితేగానీ సరిగ్గా తెలీలేదు." ఆయన నవ్వాడు. "నోట్లో ముద్ద పెట్టుకుని, 'మనింటికి రా' అన్నావు. 'మీ నాన్న తిడతాడే' అన్నాను, వాడి గొంతుతోనే. 'నాన్నకి నేను చెప్తాలే, నువ్వు రా' అన్నావు."

ఎంపికమ్మ స్టీరింగు మీద నుంచి చేతులు తీసేసింది.

"ఊరికే అన్నావనుకున్నాను. నాన్న వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఎంగిలి చేత్తోనే ఎదురెళ్ళావు. 'గోళీకన్ను ఓడిపోయాడు నాన్నా, మనింట్లోనే ఉంటాడు, తిట్టకు' అన్నావు. నాన్నకేం అర్థమవుతుంది, ఎవడే వాడు అన్నాడు. నువ్వు నన్ను చూపించావు. ఆయన నా మొహం చూశాడు, నా చేతిలో సంచీ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చొక్కా విప్పి కొక్కానికి తగిలించి, 'వాడిక్కూడా అన్నం పెట్టు' అన్నాడు అమ్మతో. అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"నువ్వెప్పుడు అడిగావే?"

ఆవిడకి కన్నీళ్ళొచ్చాయి. అన్నయ్య రుమాలు ఇచ్చి, "అద్దం తుడిచింది, కళ్ళకి పెట్టుకోకు," అన్నాడు. ఆవిడ పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున తాత అంతా విన్నాడు. విన్నాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చివరి వారం నేను వాణ్ణి గడియార స్తంభం మీంచి తోసేశాను తెలుసా?" అన్నాడు. "పత్రిక మూసేస్తున్నాం, కథ ముగించెయ్ అన్నారు. చేతిలో మిగిలింది ఒక్క పేజీ, ఏం చెయ్యను? మీ ఇంటికొచ్చి అన్నం తిన్నాడని తెలిస్తే తోసేవాణ్ణి కాదమ్మా. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు." సంతకం పెట్టాడు.

"అంతా బాగానే ఉంది గానీ మేడమ్," అన్నాడు దర్శకుడు, "విలన్ ఇంకా లేడు. నిర్మాతగారు బయల్దేరారు."

"ఆ లావుపాటాయన్ని పిలిపించు బాబూ."

"అరటి తొక్క ఆయన్నా?"

"ఆయన్నే. ఆయనలో తప్పు లేదు. జవాబు ఇచ్చినదాన్ని నేను, తప్పు నాది."

హాస్యనటుడు ఇంకో షూటింగ్ నుంచి మేకప్ తుడుచుకుంటూ వచ్చాడు. చెవి వెనక కాస్త రంగు అలాగే ఉంది. రెండోసారి పిలిచారంటే వేళాకోళం చేస్తున్నారేమోనని అతనికి అనుమానం. పసుపు గుర్తు మీద నిలబడి, చొక్కా ఎవరో పట్టుకున్నట్టు మెడ కాస్త ముందుకి వంచి, దెబ్బ కాచుకోవడానికి ఒక చెయ్యి మొహం దగ్గర పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి తన్నులు తినే వేషాలే వేశాడు, ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది.

"నన్ను ఓడించాక నువ్వు ఇంటికెళ్ళి అన్నం తింటావు," అన్నాడు. "ఓడిపోయాక నేనెక్కడికెళ్ళాలి? అది కూడా కాస్త ఆలోచించి కొట్టు."

ఎంపికమ్మ ఒళ్ళో ఉన్న కాగితం వైపు చూడలేదు.

"మనింటికి రా," అంది.

అతను దెబ్బ కోసం ఎదురుచూస్తూ అలాగే ఉన్నాడు. మాట కాసేపటికి గానీ చెవికెక్కలేదు. మొహం దగ్గర పెట్టుకున్న చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. ఆవిడ వైపు చూశాడు. ఆ పిలుపు తనకి కాదేమో, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తల తిప్పి వెనక్కి చూసుకున్నాడు. అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ పెద్ద మొహం పరీక్ష తప్పి ఇంటి గుమ్మంలో నిలబడ్డ పిల్లాడిదై ఉంది. ఒక్క మాట కూడా అనలేదు.

కెమెరా తిరుగుతూనే ఉంది. కట్ చెప్పాల్సిన దర్శకుడు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంటున్నాడు. తాత కుర్చీ అంచుకి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, తను గీసినవాణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

హాస్యనటుడికి భయం వేసింది. "ఏమైనా తప్పు చేశానా అండీ?" అని అడిగాడు.

ఎంపికమ్మ ఒళ్ళో కాగితం తిరగేసి కలం తీసింది. "షూటింగ్‌కి మీ డేట్లు చెప్పండి," అంది.